వీర్య పరీక్షకు శాంపిల్ ఎలా ఇవ్వాలి, రిపోర్టు ఎలా చదువుకోవాలి

"కౌంట్ 12 వచ్చింది, పిల్లలు పుడతారా?" "చీము కణాలు ఉన్నాయని రాశారు, ఏదైనా జబ్బా?" "ఒక ల్యాబులో 9, ఇంకో ల్యాబులో 31. ఎవరిది నమ్మాలి?" ల్యాబు పనిలో ఉన్నవాళ్లకు తెలిసినవాళ్లందరి నుంచీ తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలివి. రిపోర్టు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు, కింద ఒక నమస్కారం బొమ్మ. నేను తిరిగి అడిగేవి మూడే. ఎన్ని రోజులు ఆగి ఇచ్చారు? మొత్తం డబ్బాలోనే పడిందా, కొంత పోయిందా? ఇచ్చిన ఎంతసేపటికి పరీక్ష చేశారు? సగం మందికి జవాబు తెలియదు. ఆ మూడూ తెలియకుండా కౌంట్ (వీర్యకణాల సంఖ్య) గురించి ఏం చెప్పినా ఊహే. రక్త పరీక్షలో సూది గుచ్చి తీసే బాధ్యత ల్యాబుది. ఈ పరీక్షలో శాంపిల్ తీసేది మీరు. తప్పు జరిగితే చాలాసార్లు అక్కడే జరుగుతుంది.

ఎవరు చేయించుకోవాలి, ఎప్పుడు

ఏ జాగ్రత్తలూ పాటించకుండా ఏడాది పాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే. కింద చెప్పినవాటిలో ఏదైనా ఉంటే అంతవరకూ ఆగక్కర్లేదు:

- చిన్నప్పుడు వృషణం సంచిలోకి దిగక ఆపరేషన్ అయింది.
- ఈడొచ్చాక గవదబిళ్లలు వచ్చి, వృషణం కూడా వాచింది.
- గజ్జల్లో హెర్నియాకో వరిబీజానికో ఆపరేషన్ అయింది.
- క్యాన్సర్ మందులు వాడారు, లేదా రేడియేషన్ తీసుకున్నారు.
- జిమ్ కోసమో, నీరసం తగ్గడానికో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజక్షన్లు వేసుకున్నారు.

ఒక మాట గట్టిగానే చెబుతాను. మన ఇళ్లలో కోడలికి స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, చివరికి ట్యూబుల ఎక్స్‌రే కూడా అయ్యాక, "సరే, అబ్బాయికి కూడా ఒకసారి చేయిద్దాం" అంటారు. ఇది తలకిందుల వ్యవహారం. పిల్లలు పుట్టని జంటల్లో దాదాపు సగం మంది విషయంలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ పరీక్షలో సూది లేదు, మత్తు లేదు, కొన్ని వందల రూపాయల్లో అయిపోతుంది. ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టండి.

హెచ్చరిక: వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే ఈ పరీక్ష కోసం చూడొద్దు, రాత్రయినా సరే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. వృషణం మెలిపడి రక్తం అందకపోతే దాన్ని కాపాడుకోవడానికి ఉండే సమయం సుమారు ఆరు గంటలే. అలాగే నొప్పి లేని గట్టి గడ్డ చేతికి తగిలితే ముందు అల్ట్రాసౌండ్ చేయించాలి. వీర్యం రిపోర్టు బాగుందని గడ్డను వదిలేయకూడదు.

లోపల ఏం జరుగుతుంది (ఇంతవరకు తెలిస్తే చాలు)

వీర్యకణాలు వృషణాల్లో తయారవుతాయి. ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ ఉంటేనే ఆ పని సరిగ్గా సాగుతుంది, అందుకే అవి బయట సంచిలో వేలాడుతుంటాయి. ఒక కణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనక చుట్టలు చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నని గొట్టంలో కొన్ని రోజులుండి ఈదడం నేర్చుకుంటుంది. అక్కడి నుంచి వాస్ అనే నాళం దాన్ని పైకి, మూత్రాశయం వెనక్కి తీసుకెళ్తుంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో కత్తిరించేది ఈ నాళాన్నే.

బయటికొచ్చే ద్రవంలో కణాల వాటా చాలా స్వల్పం, నూటికి అయిదు పాళ్లు కూడా ఉండదు. మూడింట రెండొంతుల ద్రవం సెమినల్ వెసికిల్స్ అనే రెండు సంచుల నుంచి వస్తుంది. కణాలకు ఆహారమైన ఫ్రక్టోజ్ అనే చక్కెర అందులోనే ఉంటుంది. మిగతాది చాలావరకు ప్రోస్టేట్ గ్రంథిది. స్ఖలనంలో ముందుగా వచ్చేది ప్రోస్టేట్ ద్రవం, దానితోపాటే కణాల్లో ఎక్కువ భాగం. సెమినల్ వెసికిల్స్ ద్రవం తర్వాత వస్తుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, శాంపిల్ ఇచ్చేటప్పుడు దీనితో పని పడుతుంది.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- ల్యాబు ఇచ్చిన వెడల్పు మూతి డబ్బా. ఇంట్లో ఉన్న మందు సీసా, పచ్చడి సీసా, మూత్రం పరీక్షకు మిగిలిన డబ్బా పనికిరావు.
- డబ్బా మీద పేరు, తేదీ, సమయం రాయడానికి చెరిగిపోని పెన్ను. మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి.
- గత మూడు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు రాసుకున్న చీటీ.
- చివరిసారి వీర్యం పోయిన తేదీ.
- ఇంటి దగ్గర ఇచ్చేటట్టయితే, ల్యాబుకు ఎంతసేపట్లో చేరగలరో ముందే చూసుకున్న లెక్క.

శాంపిల్ ఇచ్చే పద్ధతి

1. రోజు ఎంచుకోండి. చివరి స్ఖలనం తర్వాత కనీసం 2 రోజులు, గరిష్ఠంగా 7 రోజులు ఆగాలి. మూడో రోజో నాలుగో రోజో అయితే బాగుంటుంది. ఆదివారం రాత్రి కలిస్తే బుధవారమో గురువారమో ఇవ్వండి. భార్యతో కలవడం ఒక్కటే కాదు, హస్తప్రయోగమైనా, నిద్రలో పోయినా లెక్కలోకి వస్తుంది. "ఎక్కువ రోజులు దాచిపెడితే కౌంట్ బాగా వస్తుంది కదా" అని పదిహేను రోజులు ఆగి వచ్చేవాళ్లున్నారు. కౌంట్ కాస్త పెరగొచ్చు గానీ, నిల్వ ఉన్న కణాల్లో కదలిక తగ్గుతుంది, చచ్చినవి పెరుగుతాయి. ఒకటి బాగుచేయబోయి ఇంకోటి పాడుచేసుకున్నట్టే.

2. ఈ మధ్య జ్వరం వచ్చిందేమో చూసుకోండి. డెంగీ, టైఫాయిడ్, మలేరియా వంటి గట్టి జ్వరం వచ్చి తగ్గాక రెండు మూడు నెలల దాకా కౌంట్, కదలిక తగ్గి కనిపించవచ్చు. వీలైతే మూడు నెలలు ఆగి ఇవ్వండి. డాక్టరు అప్పుడే కావాలంటే ఇవ్వండి, కానీ జ్వరం వచ్చిన తేదీ ఫారంలో రాయించండి.

3. మందులు సొంతంగా ఆపొద్దు. వాడుతున్న ప్రతి మందూ డాక్టరుకు చెప్పండి. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ ద్రవం పరిమాణాన్ని తగ్గించగలదు. మూత్రం ధారగా రావడానికి ఇచ్చే టామ్సులోసిన్ వల్ల కొందరిలో వీర్యం బయటికి రాదు. పేగు వాపుకు, కీళ్లవాపుకు వాడే సల్ఫాసలజిన్ కౌంట్‌ను తగ్గిస్తుంది, ఆపేశాక మళ్లీ పెరుగుతుంది. ఆపాలా మార్చాలా అన్నది రాసిన డాక్టరే చెప్పాలి.

4. ముందు మూత్రం పోయండి. తర్వాత చేతులు, అంగం సబ్బుతో కడిగి, నురగ ఏమాత్రం మిగలకుండా నీళ్లు పోసుకుని, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. సబ్బు కణాలకు విషమే, తడి ఉన్నా నష్టమే.

5. హస్తప్రయోగంతో నేరుగా డబ్బాలోకి ఇవ్వండి. కొబ్బరినూనె, లోషన్, వాజలీన్, ఉమ్మి ఏవీ వాడకూడదు. మామూలు కండోమ్‌లో పట్టి తేకూడదు, అందులోని రబ్బరు, పూతలు కణాల కదలికను ఆపేస్తాయి. కలిసే సమయంలో చివర్లో బయటికి తీసి పట్టడం కూడా పనికిరాదు, మొదటి చుక్కలు అప్పటికే పోయి ఉంటాయి.

6. మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా డబ్బాలోనే పడాలి. పైన చెప్పిన వరస ఇక్కడ అక్కరకొస్తుంది. చివరి చుక్క నేల మీద పడితే పరిమాణం కాస్త తగ్గుతుంది. మొదటి చుక్క పడిపోతే కణాల్లో పెద్ద వాటానే పోయినట్టు. పడిపోయిందా? సిగ్గుపడకుండా కౌంటర్లో చెప్పండి, మొదట పోయిందో చివర పోయిందో కూడా చెప్పండి. టిష్యూతో తుడిచి డబ్బాలోకి పిండటం లాంటి పనులు మాత్రం చేయొద్దు. అది చేసినవాళ్లూ ఉన్నారు.

7. మూత బిగించి, సమయం రాయండి. నిమిషంతో సహా. "ఉదయం" అని రాస్తే లాభం లేదు.

8. ల్యాబులో ఇవ్వడమే మేలు. ఇంటి నుంచి తెస్తే అరగంటలో చేర్చండి, ఎట్టి పరిస్థితుల్లోనూ గంట దాటకూడదు. దారిలో 20 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. చొక్కా లోపల ఒంటికి ఆనించి నిటారుగా పెట్టుకోండి. ఐస్ డబ్బాలో, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. విజయవాడ, రామగుండం ఎండల్లో బండి సీటు కింది డిక్కీలో పెట్టి తెస్తే దారిలోనే కణాలు చచ్చిపోతాయి.

ఇవ్వలేకపోతే

కొత్త చోటు, బయట జనం, పలచని తలుపు. గదిలోకి వెళ్లి ఖాళీ డబ్బాతో తిరిగొచ్చేవాళ్లు మీరు అనుకునేదానికన్నా ఎక్కువమందే. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. భార్యను లోపలికి తోడు రానిస్తారేమో అడగండి, చాలా సంతాన సాఫల్య కేంద్రాల్లో అభ్యంతరం చెప్పరు. ఇల్లు దగ్గరైతే ఇంటి నుంచి తెస్తానని ముందే అనుమతి తీసుకోండి. హస్తప్రయోగం ఇష్టం లేనివాళ్లకు, చేయలేనివాళ్లకు పరీక్ష కోసమే తయారుచేసిన, కణాలకు హాని చేయని కండోమ్‌లు ఉంటాయి, కేంద్రాన్నే అడిగి తీసుకోవాలి. ఐయూఐ (వీర్యకణాలను గర్భాశయంలోకి ఎక్కించడం), ఐవీఎఫ్ (అండాన్ని, కణాలను ల్యాబులో కలపడం) రోజున ఇవ్వలేకపోతానేమోనని భయం ఉంటే ముందే ఒక శాంపిల్ ఇచ్చి గడ్డకట్టించి దాచమనండి. ఆ రోజు వచ్చాక కంగారుపడే కన్నా అది నయం.

రిపోర్టు చదివే పద్ధతి

కౌంట్ దగ్గరికి కన్ను నేరుగా పోతుంది, అందరికీ అంతే. దాన్ని కాసేపు ఆపి, పైనుంచి కిందికి రండి.

1. శాంపిల్ వివరాలు. ఆగిన రోజులు, ఇచ్చిన సమయం, పరీక్ష మొదలుపెట్టిన సమయం, మొత్తం పడిందా లేదా. ఈ నాలుగూ లేని రిపోర్టు మీద డబ్బు పెట్టి వైద్యం మొదలుపెట్టకండి. ఇచ్చిన సమయానికీ చూసిన సమయానికీ మధ్య గంటకు పైగా తేడా ఉంటే కదలిక అంకెను నమ్మలేం.

2. పరిమాణం. 1.4 మి.లీ. లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. తక్కువ వస్తే మొదటి అనుమానం శాంపిల్ కొంత పోయిందేమోనని, లేదా రెండు రోజులు కూడా ఆగలేదేమోనని.

3. ద్రవంగా మారడం. వీర్యం బయటికి రాగానే జెల్లీలా గడ్డకట్టి, సాధారణంగా అరగంటలోపు, ఎక్కువలో ఎక్కువ గంటలో నీరవుతుంది. "పలచగా ఉంది, అందుకే పిల్లలు పుట్టట్లేదు" అనే మాటకు ఆధారం లేదు. అది పలచబడాలి కూడా.

4. పీహెచ్ (ద్రవం ఆమ్లమా క్షారమా చెప్పే కొలత). 7.2 లేదా ఎక్కువ. ఇది ఒక్కటే తక్కువైతే పెద్ద విషయం కాదు. పరిమాణం, పీహెచ్, కణాలు మూడూ కలిసి తక్కువైతే మాత్రం పెద్ద విషయమే, కింద చెబుతాను.

5. గాఢత. ఒక మిల్లీలీటరుకు 16 మిలియన్లు. ఇక్కడ మనవాళ్లకు లెక్క తప్పుతుంది. మిలియన్ అంటే పది లక్షలు కాబట్టి 16 మిలియన్లు అంటే కోటీ అరవై లక్షలు. కొన్ని రిపోర్టుల్లో మిలియన్లలో, కొన్నింటిలో పూర్తి అంకెలో రాస్తారు. రెండింటినీ పోల్చేముందు సున్నాలు లెక్కపెట్టండి.

6. మొత్తం కౌంట్. గాఢతను పరిమాణంతో గుణిస్తే వస్తుంది. 39 మిలియన్లు, అంటే 3 కోట్ల 90 లక్షలు ఉండాలి. గాఢత కన్నా ఇదే ముఖ్యమైన అంకె. ఒకాయనకు మిల్లీలీటరుకు 12 మిలియన్లే ఉండి ద్రవం 4 మి.లీ. ఉంటే మొత్తం 48 మిలియన్లు, లోటేమీ లేదు. ఇంకొకాయనకు 25 మిలియన్లు ఉండి ద్రవం 1 మి.లీ. అయితే మొత్తం 25 మిలియన్లే. "కౌంట్ 12" అని కంగారుపడేవాళ్లు ముందు ఈ గుణకారం చేయండి.

7. కదలిక. మొత్తం కదిలేవి నూటికి 42, ముందుకు ఈదేవి నూటికి 30. కొన్ని ల్యాబులు ఏ, బీ, సీ, డీ అని రాస్తాయి. ఏ అంటే వేగంగా ముందుకు వెళ్లేవి, బీ నెమ్మదిగా వెళ్లేవి, సీ ఉన్నచోటే కొట్టుకునేవి, డీ కదలనివి. ఏ, బీ కలిపితే ముందుకు ఈదేవాటి లెక్క వస్తుంది. ఇప్పుడు అసలు పనికొచ్చే అంకె కట్టుకోండి: పరిమాణం, గాఢత, ముందుకు ఈదే శాతం మూడింటినీ గుణించాలి. 2.5 మి.లీ., 22 మిలియన్లు, 35 శాతం అయితే 19.25 మిలియన్లు. ఐయూఐ చేయాలా, ఐవీఎఫ్‌కు వెళ్లాలా అని ఆలోచించేటప్పుడు డాక్టర్లు ఈ అంకెనూ చూస్తారు.

8. బతికున్నవి. నూటికి 54. కదలిక బాగా తక్కువైనప్పుడే ఇది అవసరం. కదలకపోవడం వేరు, చావడం వేరు. ప్రాణం ఉండి కదలని కణాలతో ఇక్సీ (ఒక్క కణాన్ని సూదితో అండంలోకి పంపే పద్ధతి) చేయగలరు.

9. ఆకారం. నూటికి 4. అవును, నాలుగే. "96 శాతం కణాలు వంకరవి, పుట్టే పిల్లలు వంకరగా పుడతారా?" అని అడుగుతారు. పుట్టరు. కొలత అంత కఠినంగా పెట్టారు, పిల్లల తండ్రుల్లో కూడా ఎక్కువ కణాలు ఈ కొలతకు నిలబడవు. మిగతావన్నీ బాగుండి ఆకారం ఒక్కటే 3 వస్తే దాన్ని పట్టుకుని వేలాడకండి.

10. చీము కణాలు. ఎక్కువ మందిని అనవసరంగా భయపెట్టే వరస ఇదే. సూక్ష్మదర్శినిలో గుండ్రంగా కనిపించేవన్నీ చీము కణాలు కావు, ఇంకా ఎదగని వీర్యకణాలు కూడా అలాగే కనిపిస్తాయి. వేరు చేయడానికి పెరాక్సిడేజ్ అనే రంగు పరీక్ష ఉంది. అందులో మిల్లీలీటరుకు ఒక మిలియన్ దాటితేనే ఆలోచించాలి. "4 నుంచి 6" అని రాసి ఉంటే ఆ ఒక్క మాట చూసి యాంటీబయాటిక్ కోర్సు కొనుక్కోకండి. మూత్రంలో మంట, నొప్పి, జ్వరం ఉంటే సంగతి వేరు.

ఈ హద్దులు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో కూర్పులోవి. 2010 కూర్పులో గాఢత 15, పరిమాణం 1.5 ఉండేవి. 1999 కూర్పులో 20, 2 మి.లీ. కొన్ని ల్యాబులు ఇప్పటికీ ఆ పాత అంకెల్నే పక్కన అచ్చువేసి, 18 మిలియన్లు వచ్చినవాడికి "తక్కువ" అని గుర్తు పెడుతున్నాయి. పక్కన ఏ హద్దు రాశారో చూడండి. ఇంకో సంగతి, ఇది పాస్ మార్కు కాదు. ఏడాది లోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ల అంకెలు తీసుకుని, వాళ్లలో అట్టడుగు అయిదు శాతం ఎక్కడ మొదలవుతారో అక్కడ గీత గీశారు. అంటే గీత కింద ఉన్న తండ్రులూ ఉన్నారు, గీత పైనుండి పిల్లలు లేనివాళ్లూ ఉన్నారు.

వచ్చిన ఫలితం నిజమేనా, సరిచూసుకోవడం

మొదటి రిపోర్టు అన్నివిధాలా బాగుంటే సాధారణంగా రెండోది అక్కర్లేదు. బాగాలేకపోతే ఒక్కదాన్ని చూసి ఏ నిర్ణయానికీ రావొద్దు. ఒకే మనిషి కౌంట్ వారానికి వారానికి రెండింతలు, మూడింతలు మారడం మామూలే. మొదట అడిగిన 9, 31 రెండూ సరైనవే కావచ్చు.

రెండో పరీక్షకు నియమం సులువు. కనీసం ఒక నెల ఎడం ఇవ్వండి, మధ్యలో జ్వరం వచ్చి ఉంటే మూడు నెలలు. మొదటిసారి మూడు రోజులు ఆగితే ఈసారీ మూడు రోజులే ఆగండి. వీలైతే అదే ల్యాబు. మొదటి ల్యాబు మీదే అనుమానమైతే, సంతాన సాఫల్య కేంద్రానికి అనుబంధంగా ఉన్న ల్యాబుకు మారండి, రోజూ ఇదే పని చేసే చేతులు అక్కడ ఉంటాయి. మారేముందు రెండు మాటలు అడగొచ్చు: కనీసం 200 కణాలు లెక్కపెడతారా, ఒకే శాంపిల్‌ను రెండుసార్లు లెక్కిస్తారా? జవాబు చెప్పడానికి విసుక్కుంటే ఇంకో చోటు చూసుకోండి.

ఇంట్లో చేసుకునే కిట్లు దొరుకుతున్నాయి. వాటిలో చాలావరకు గాఢత ఒక్కటే చెబుతాయి. అందులో "బాగుంది" అని వచ్చినా కదలిక, ఆకారం తెలియవు కాబట్టి ల్యాబు పరీక్షకు అది బదులు కాదు.

సున్నా వచ్చినప్పుడు

నెలల తరబడి ఆగకుండా వెంటనే మళ్లీ పరీక్షించాలి. ఈసారి శాంపిల్‌ను యంత్రంలో గిరగిరా తిప్పి, అడుగున చేరినదాన్ని కూడా వెతికారా అని అడగండి. అలా వెతికితే ఒక్కోసారి కొన్ని కణాలు దొరుకుతాయి, దాంతో వైద్యమే మారిపోతుంది.

తర్వాత పరిమాణం చూడండి. ద్రవం చాలా తక్కువ, పీహెచ్ 7.2 కన్నా తక్కువ, ఫ్రక్టోజ్ లేదు అంటే సెమినల్ వెసికిల్స్ ద్రవం రావడం లేదని అర్థం. స్ఖలన నాళాలు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా వాస్ నాళాలు పుట్టుకతోనే లేకపోవచ్చు. నాళం ఉందో లేదో అనుభవమున్న యూరాలజిస్టు చేత్తో తడిమే చెప్పగలడు. ద్రవం బాగానే ఉండి కణాలు లేకపోతే, ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలను పనిచేయించే హార్మోన్), టెస్టోస్టిరాన్ రక్త పరీక్షలు రాస్తారు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి వృషణాలు చిన్నవైతే తయారీలోనే లోపం. అప్పుడు క్రోమోజోముల పరీక్ష కూడా అవసరమవుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్, వృషణాల సైజు మామూలుగా ఉంటే దారిలో ఎక్కడో అడ్డు ఉండే అవకాశం ఎక్కువ. రెండు రకాల్లోనూ వృషణం నుంచి నేరుగా కణాలు తీసి ఇక్సీ చేసే అవకాశం చాలామందికి ఉంటుంది, అడ్డు ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ.

షుగరు ఉన్నవాళ్లకు ఇంకో కారణం. తృప్తి కలుగుతుంది, బయటికి చుక్క కూడా రాదు, లేదా ఒకటి రెండు చుక్కలే వస్తాయి. వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుండవచ్చు. స్ఖలనం కాగానే పోసిన మూత్రాన్ని పరీక్షిస్తే తేలిపోతుంది.

తక్కువ వస్తే ఆ మూడు నెలలు ఏం చేయాలి

ఈ రోజు చేసిన మార్పు రిపోర్టులో కనిపించడానికి సుమారు మూడు నెలలు పడుతుంది, 74 రోజుల లెక్క అందుకే చెప్పాను. పది రోజులు మందు వేసుకుని మళ్లీ పరీక్షకు పరిగెత్తడం డబ్బు దండగ.

యూరాలజిస్టుకు చూపించి వేరికోసీల్ ఉందేమో చూడమనండి. వృషణం పైన రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరగడం ఇది, ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. నిలబెట్టి చూస్తేనే బయటపడుతుంది, పడుకోబెట్టి చూసి లేదంటే నమ్మకండి. చేతికి తెలిసేంత ఉండి, రిపోర్టు కూడా బాగాలేకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడాలి. స్కానులో మాత్రమే కనిపించే చిన్నదానికి తొందరపడక్కర్లేదు.

సిగరెట్, గుట్కా మానండి, మద్యం తగ్గించండి, బరువు తగ్గండి. బట్టీల దగ్గర, బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లు, రోజంతా లారీ నడిపేవాళ్లు మధ్యమధ్య లేచి తిరగండి. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యం: టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు, జిమ్ స్టెరాయిడ్లు ఆపండి. మగ హార్మోన్ వేసుకుంటే కణాలు పెరుగుతాయని అనుకుంటారు, జరిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం. బయటి నుంచి హార్మోన్ వచ్చేసరికి మెదడు వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది, కౌంట్ సున్నాకు కూడా పడిపోతుంది. ఆపేశాక చాలామందిలో తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, కొందరిలో ఏడాదికి పైనే. డాక్టరు రాసిన టెస్టోస్టిరాన్ అయినా సరే, పిల్లలు కావాలనుకుంటున్న సంగతి ఆయనకు చెప్పండి. దాన్ని మాత్రం ఆయనతో మాట్లాడాకే ఆపాలి.

ఇక "ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో" అని గోడల మీద పోస్టర్లు వేసుకునే వైద్యులు. ఒక చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమని, హస్తప్రయోగంతో ధాతువు కరిగిపోయిందని భయపెట్టి పొట్లాలు అమ్ముతారు. రక్తం నుంచి వీర్యం తయారవదు. హస్తప్రయోగం వల్ల కణాల తయారీ తగ్గదు, రోజూ అవి పుడుతూనే ఉంటాయి. పేరూ లెక్కా లేని ఇలాంటి పొడుల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. కౌంట్ కోసం కొన్న పొట్లం కిడ్నీ మీదికి తెస్తుంది.

డాక్టరు దగ్గరికి ఏం తీసుకెళ్లాలి

రెండు రిపోర్టుల అసలు కాగితాలు, ఫొటోలు కాదు. ఆగిన రోజులు, జ్వరాలు, మందుల చీటీ. పాత ఆపరేషన్ల కాగితాలు. భార్య రిపోర్టులు. వీలైతే ఆమె కూడా.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని ఈ పరీక్షకు వచ్చేవాళ్లకు ఇదంతా తలకిందులుగా వర్తిస్తుంది. వాళ్లకు కావాల్సింది సున్నా. నాళం కత్తిరించిన రోజు నుంచే ధైర్యంగా ఉండటానికి వీల్లేదు, కత్తిరించిన చోటుకు పైన నిల్వ ఉన్న కణాలు బయటికి పోవడానికి సమయం పడుతుంది. మూడు నెలలు గడిచాక శాంపిల్ ఇచ్చి, కణాలు లేవని డాక్టరు రాసిచ్చేదాకా కండోమో మరో పద్ధతో వాడుతూనే ఉండాలి.